“పాలిమర్ అణుభారం 1,142”: ఇలా రాయవచ్చా?

ప్రశ్న: మాల్డీ (లేజర్‌తో అణువులను అయాన్లుగా లేపి బరువు తూచే పద్ధతి) ఫలితం చూపిస్తూ ఒక వ్యాసంలో ఇలా రాశారు. వాక్యం సరైనదేనా? అలాగే “డిస్పర్సిటీ”ని తెలుగులో ఏమనాలి?

జవాబు: నీటికి 18 అన్నంత ధీమాగా పాలిమర్‌కి ఒక్క అంకె చెప్పలేమండీ. పొట్టి గొలుసులూ పొడుగు గొలుసులూ కలిసే ఉంటాయి. ఆ 1,142 ఒక్క పీక్ (గ్రాఫ్‌లో ఒక శిఖరం) మాత్రమే. అది పాలిఇథిలీన్ గ్లైకాల్ అయితే లెక్క చూడండి: యూనిట్ 44.026 చొప్పున 25 యూనిట్లకు 1100.655, రెండు కొసల హైడ్రోజన్, హైడ్రాక్సిల్ కలిపి 18.011, అంటుకున్న సోడియం అయాన్ 22.989. వెరసి 1141.655. “25 యూనిట్ల గొలుసు, సోడియంతో” అంటే సరిపోయేది. పీక్‌ల మధ్య ఎడం యూనిట్‌ను పట్టిస్తుంది, మిగులు కొసలను పట్టిస్తుంది. నమూనా మొత్తానికైతే “సంఖ్యా సగటు అణుభారం”, “భార సగటు అణుభారం” అనే పాఠ్యపుస్తకాల మాటలున్నాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే డిస్పర్సిటీ.

మరో జవాబు: దానికి “బహు” తగిలించకండి. రసాయన నామాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ 2009లోనే “పాలీ”ని వదిలేయమంది, పునరుక్తి కనుక. “గొలుసుల విస్తృతి” అని ఒకసారి వివరించి, తర్వాత డిస్పర్సిటీ అనేయడమే మేలు.

ఆ వ్యాసంలో పాలిమర్ “ఆక్సీకరణ చెందింది” అన్నదీ అనుమానమే. 16 ఎక్కువలో కనిపించే రెండో వరస చాలాసార్లు పొటాషియందే! సోడియంతో దాని తేడా 15.974, ఆక్సిజన్ అయితే 15.995. సోడియం ఉప్పు పెంచి మళ్ళీ కొలిస్తే, పొటాషియం వరస తగ్గిపోతుంది.

ఇంకొకరు: పాలిస్టైరీన్‌కి సోడియం సరిగా అంటదు, వెండి ట్రైఫ్లోరోఅసిటేట్ వాడాలి. వెండికి 107, 109 ఐసోటోపులు దాదాపు సమానం, కాబట్టి జంట పీక్‌లు చూసి రెండు పాలిమర్లనుకోవద్దు. మొదలుపెట్టడానికి టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో మి.లీ.కి డైత్రనాల్ (లేజర్‌ను పీల్చుకునే మాట్రిక్స్) 20 మి.గ్రా., పాలిమర్ 10, ఉప్పు 1. వీటిని 10:2:1 పాళ్ళలో కలిపి 1 మైక్రోలీటరు చుక్క పెట్టండి. మూడూ ఒకే ద్రావణిలో కరగాలి. లేకపోతే పాలిమర్ విడిగా పేరుకుని, చుక్కలో ఒకచోట పీక్‌లు, ఇంకోచోట ఏమీ ఉండదు.

డిస్పర్సిటీ 1.2 దాటితే మాల్డీ సగటును నమ్మకండి. బరువైన గొలుసులు తక్కువగా కనిపించి, సగటు కిందికి జారుతుంది. ముందు జీపీసీలో (గొలుసులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే పద్ధతి) సన్నని భాగాలుగా విడదీసి, ఒక్కోదాన్నీ విడిగా మాల్డీలో కొలవాలి.