‘విడ్డూరం’ ఎక్కడి మాట?

నమస్కారమండీ. ‘విడ్డూరం’ అనే మాట పుట్టుక ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పగలరా?

ఆశ్చర్యానికి సంబంధించిన మిగతా మాటలతో నాకు పేచీ లేదు. ‘అద్భుతం’ అబ్బురమైంది, ‘ఆశ్చర్యం’ అచ్చెరువైంది. రెండూ సంస్కృతం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవాలే. ‘తమాషా’ అయితే మరీ దూరం నుంచి వచ్చింది: అరబ్బీలో కలిసి నడవడం, పారసీలో వేడుక చూడటం, మన దగ్గర ‘తమాషాగా ఉందే’ అంటే వింతగా ఉందని. విడ్డూరం దగ్గరే బండి ఆగిపోయింది. మా ఆఫీసులో ఒకాయన ‘విదూరం’ నుంచే వచ్చిందని బల్లగుద్ది వాదిస్తున్నారు. దూరానికీ వింతకీ లంకె ఏమిటంటే మాత్రం టీ తాగడానికి లేచి వెళ్లిపోతారు.

అర్థం దగ్గరా ఒక అనుమానం. మా అత్తగారిది తెనాలి. ‘విడ్డూరం కాకపోతే, పెళ్లికి పిలిచి పలకరించకపోవడమేమిటి!’ అని బుగ్గ నొక్కుకుంటారు. అందులో ఆశ్చర్యం కన్నా దెప్పిపొడుపే ఎక్కువ. ఇక్కడ ఉప్పల్‌లో మా పక్కింటివాళ్లు అలాంటప్పుడు ‘పరేషాన్ అయిన’ అంటారు. ఉర్దూలో అది కంగారు, ఇక్కడి తెలుగులో నోరెళ్లబెట్టడం కూడా.

పాత కావ్యాల్లో విడ్డూరం ఉత్త వింత అనే అర్థంలోనే ఉందా, ఈ ఎత్తిపొడుపు తర్వాత చేరిందా? తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు ఈ మాట వాడతారా? కన్నడంలోనో తమిళంలోనో దీనికి చుట్టం ఎవరైనా ఉన్నారా? మీది ఊహ అయితే ఊహేనని రాయండి, ఏమీ అనుకోను. నిఘంటువులో చూసి చెబితే దాని పేరు కూడా చెప్పండి, ఆఫీసులో ఆయనకు చూపించాలి.