గ్లామ్ మెటల్ ఎవరినైనా ప్రభావితం చేసిందా, లేక జుట్టూ లిప్‌స్టిక్కేనా?

కోఠి_క్యాసెట్ | శనివారం రాత్రి 10.15

మొన్న ఇక్కడే ఒకరు "ఎనభైల హెయిర్ బ్యాండ్లు మెటల్‌కి పట్టిన తెగులు" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయారు. రెండు రోజులుగా ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ పాటలు వింటున్నవాణ్ణి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది, అందుకే రాస్తున్నాను.

జుట్టు పెంచి, ముఖానికి రంగు పూసుకుని హెవీ మెటల్ పాడిన ఆ హెయిర్ బ్యాండ్ల సంగీతమే గ్లామ్ మెటల్. నా లెక్కలో దాన్ని మలిచిన బ్యాండ్లు నాలుగు.

ముందు హనోయ్ రాక్స్. ఫిన్లండ్ కుర్రాళ్ళు. అమెరికాలో వాళ్ళ రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ వాళ్ళ గాయకుడు మైకేల్ మన్రో ఆ జుట్టుతో, మెడలో స్కార్ఫులతో, చేతిలో శాక్సోఫోన్‌తో ఎలా నిలబడ్డాడో చూసి లాస్ ఏంజెలెస్‌లో బోలెడుమంది అలా నిలబడటం నేర్చుకున్నారు. గన్స్ ఎన్ రోజెస్ వాళ్ళయితే పేరొచ్చాక తమ సొంత లేబుల్ మీద హనోయ్ రాక్స్ పాత ఆల్బమ్‌లను మళ్ళీ వేయించారు. రుణం తీర్చుకోవడం అంటే అదీ. 1984 డిసెంబరులో హనోయ్ రాక్స్ డ్రమ్మర్ రేజిల్, మోట్లీ క్రూ గాయకుడు విన్స్ నీల్ తాగి నడిపిన కారులో ప్రాణం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాదికి బ్యాండే లేదు.

రెండోది ఆ మోట్లీ క్రూయే. ఏ రికార్డు కంపెనీ గడప తొక్కకముందే 1981లో మొదటి ఆల్బమ్ సొంతంగా వేసుకున్నారు. మూడోది క్వైట్ రయట్. 1983 నవంబరులో వాళ్ళ "మెటల్ హెల్త్" అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. ఒక హెవీ మెటల్ ఆల్బమ్ అక్కడిదాకా వెళ్ళడం అదే మొదలు. ఆ తర్వాతే కంపెనీలవాళ్ళు చెక్కు పుస్తకాలు పట్టుకుని లాస్ ఏంజెలెస్‌లో ఈ క్లబ్బులుండే వీధి, సన్‌సెట్ స్ట్రిప్ మీద తిరిగారు.

నాలుగోది సిండరెల్లా. నా ప్రాణం. 1988 నాటి "లాంగ్ కోల్డ్ వింటర్" మొదటి నిమిషం వినండి. డ్రమ్స్ ఉండవు, అరుపులుండవు. తీగ మీద స్లైడ్ జారుతుంటే వచ్చే ఆ గరగర, దాని వెనక టామ్ కీఫర్ మూలుగు. మిసిసిపీ పాతకాలం బ్లూస్‌లా మొదలై, ఊపిరి తీసుకునేలోపు బ్యాండంతా మీద పడుతుంది. కోఠిలో ఒకాయన ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. ఆ మొదటి నిమిషం దగ్గర టేపు అరిగిపోయి గొంతు వణికేది. ఇప్పుడు శుభ్రమైన రికార్డింగ్ విన్నా ఆ వణుకు నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఇది తెగులా?

షెఫీల్డ్_సీను | రాత్రి 10.31

డెఫ్ లెపర్డ్ ఏదండీ?

డబుల్_బేస్ | రాత్రి 11.02

కోఠి గారూ, ఆ తెగులు మాట రాసింది నేను కాదు, కానీ నేనూ అదే అంటాను. మీరు అమ్మకాన్ని ప్రభావం అనుకుంటున్నారు. క్వైట్ రయట్‌ని పైకి ఎక్కించిన పాట వాళ్ళది కాదు, ఇంగ్లండ్ బ్యాండ్ స్లేడ్ 1973లో పాడింది. అరువు పాటతో కొండెక్కినవాళ్ళు తలుపు తెరిచారంటే ఎలా ఒప్పుకోమంటారు?

అదే 1983లో మెటాలికా "కిల్ ఎమ్ ఆల్" వచ్చింది. వాళ్ళూ లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టారు. ఆ స్ట్రిప్ వాతావరణం పడలేదు, వాళ్ళు కోరుకున్న బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ తన ఊరు వదిలి రానన్నాడు, దాంతో మూటాముల్లె సర్దుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్ళిపోయారు. తర్వాత ప్రపంచంలో ఏ మూల మెటల్ బ్యాండ్ పుట్టినా గిటార్ మీద కుడిచేత్తో వేగంగా కొట్టే వాళ్ళ రిఫ్ నేర్చుకునే పుట్టింది. మీ నాలుగు బ్యాండ్ల నుంచి ఎవరేం నేర్చుకున్నారు? స్కార్ఫు కట్టుకోవడం. స్ట్రిప్‌లో క్లబ్బులు బ్యాండ్ల చేతే ముందుగా టికెట్లు కొనిపించేవి. అమ్ముకోగలిగితే వాయించు, లేకపోతే చేతి డబ్బులు పోయినట్టే. అక్కడ సంగీతం ఎవరికి కావాలి, పోస్టర్ మీద ముఖం కావాలి.

కోఠి_క్యాసెట్ | రాత్రి 11.40

సీను గారూ, డెఫ్ లెపర్డ్‌ని కావాలనే వదిలేశాను. వాళ్ళు బ్రిటిష్ హెవీ మెటల్ కొత్త కెరటంలోంచి వచ్చినవాళ్ళు, గ్లామ్ మెటల్ కాదు.

డబుల్_బేస్ గారూ, ఎవరేం నేర్చుకున్నారని అడిగారు కాబట్టి చెబుతాను. 1989లో మోట్లీ క్రూ వాంకూవర్‌లో "డాక్టర్ ఫీల్‌గుడ్" చేసింది. నిర్మాత బాబ్ రాక్. ఒక్కొక్కరి చేత విడివిడిగా వాయించి రికార్డు చేశాడు. ఆ డ్రమ్స్ శబ్దం వినండి, ఛాతీ మీద గుద్దినట్టుంటుంది. అది విని మెటాలికావాళ్ళు ఏం చేశారు? వెళ్ళి అదే బాబ్ రాక్‌ని పట్టుకున్నారు. 1991 బ్లాక్ ఆల్బమ్ అలా పుట్టింది. తర్వాత కరుకు మెటల్‌కి పేరు పడిన పాంటెరా 1990కి ముందు నాలుగు ఆల్బమ్‌లు చేసింది, జుట్టు పెంచి మెరుపు బట్టలు వేసుకున్న గ్లామ్ బ్యాండే. ఆలిస్ ఇన్ చెయిన్స్ పేరు కూడా వాళ్ళ గాయకుడు లేన్ స్టేలీ పాత గ్లామ్ బ్యాండ్ నుంచి వచ్చిందే. మీరు గౌరవించేవాళ్ళందరూ ఈ గుమ్మంలోంచే నడిచి వెళ్ళారు.

షెఫీల్డ్_సీను | ఆదివారం ఉదయం 7.20

"గ్లామ్ మెటల్ కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కుదరదు. గ్లామ్ అన్న మాట ఎక్కడిది? ఇంగ్లండ్‌లో టీ. రెక్స్, స్లేడ్, స్వీట్ లాంటి బ్యాండ్లది. డెఫ్ లెపర్డ్ వాళ్ళని వింటూ పెరిగింది, 2006లో అలాంటివాళ్ళ పాటలు కూడా కలిపి ఒక కవర్ ఆల్బమ్ చేసింది. "హిస్టీరియా"లో గిటార్లకి పెద్ద పెద్ద యాంప్లిఫయర్లు కాదు, వాక్‌మన్‌లా నడుముకి తగిలించుకునేంత రాక్‌మన్ పెట్టె వాడారు. ఆ నున్నటి శబ్దం కోసం తర్వాత అందరూ వెంటపడ్డారు. అమెరికాలోనే కోటీ ఇరవై లక్షలకు సర్టిఫై అయిన ఆల్బమ్. అది లేకుండా గ్లామ్ మెటల్ జాబితా అంటే పెళ్ళికొడుకు లేని పెళ్ళే.

చిక్కడపల్లి99 | ఉదయం 8.05

కోడిగుడ్డుకి ఈకలు పీకడం ఆపి గన్స్ ఎన్ రోజెస్ ఎటువైపో చెప్పండి ముందు.

డబుల్_బేస్ | ఉదయం 9.48

కోఠి గారూ, నా గాయాన్నే నాకు సాక్ష్యంగా చూపిస్తున్నారు. బ్లాక్ ఆల్బమ్ గొప్పదని మీరనుకుంటున్నారు. నాకు ఆ రోజు మెటాలికా చచ్చిపోయింది. పాటలు కుదించారు, వేగం తగ్గించారు. దానికి మూలం మోట్లీ క్రూ శబ్దమేనని మీరే ఒప్పుకున్నారు. అదే తెగులంటే.

నాది పుస్తకాల్లో చదివిన కోపం కాదు. 1993లో ఇంజనీరింగ్ కాలేజీలో నాకూ ఒక బ్యాండ్ ఉండేది. హాస్టల్ టెర్రస్ మీద దిండ్లు పేర్చుకుని డబుల్ బేస్, అంటే రెండు కాళ్ళతో డ్రమ్ము కొట్టడం, ప్రాక్టీసు చేసేవాణ్ణి, పిక్కలు పట్టేసేవి. అప్పటికి స్టార్ టీవీలో ఎంటీవీ చూసి మావాళ్ళకి పిచ్చి పట్టింది. కల్చరల్ ఫెస్ట్ పది రోజుల్లో ఉందనగా పాటలన్నీ మార్చి ప్రేమగీతాలు పెట్టారు, నన్ను తీసేశారు. అమ్మాయిలు ఈలలు వేస్తారని. ఆడంగి వేషాలు వేసి అమ్మాయిల కోసం పాడేది సంగీతమా? నేననను.

కోఠి_క్యాసెట్ | ఉదయం 10.10

ఆ మాట వెనక్కి తీసుకో.

పందొమ్మిదేళ్ళ వయసులో భుజాల దాకా జుట్టు పెంచుకున్నందుకు వీధి చివర టీ కొట్టు దగ్గర రోజూ వినేవాణ్ణి ఆ మాట. ఇంట్లో మా బాబాయి ఒకరోజు నిద్రలో ఉండగా కత్తెరతో ఒక పక్క కత్తిరించేశాడు. మిగతాది నేనే బార్బర్ దగ్గర తీయించుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి మంచం మీద పడుకుని పాయిజన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ అట్ట చూస్తూ ఉండిపోయాను. నలుగురు మగాళ్ళు, ముఖాల నిండా రంగు, ఎవడికీ సిగ్గులేదు. ఆ నలుగురూ నాకు ఎంత ధైర్యమిచ్చారో నీకు తెలియదు.

డీ స్నైడర్ సంగతి తెలుసా? ట్విస్టెడ్ సిస్టర్ గాయకుడు, స్టేజీ మీద బుగ్గలకి రంగు, పెదాలకి రంగు. 1985లో పాటల్లో బూతులున్నాయని అమెరికా సెనేట్ విచారణ పెడితే, చిరిగిన జీన్స్‌తో వెళ్ళి కూర్చుని, తాను తాగననీ పొగ తాగననీ చెప్పి, హింస ఉందంటున్న పాట తమ గిటారిస్టు గొంతు ఆపరేషన్ భయం గురించి రాసిందని సెనేటర్ల ముఖం మీదే వివరించాడు. ఆ విచారణకి వెళ్ళిన మగతనం ముందు నీ డబుల్ బేస్ ఎంత? అసలు మన దగ్గర వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే చేతులెత్తి మొక్కాం కదా. అమెరికావాడు లిప్‌స్టిక్ పెడితే ఆడంగి ఎందుకయ్యాడు?

చిక్కడపల్లి99 | ఉదయం 10.22

ఇద్దరూ కాస్త టెన్షన్ తగ్గించుకోండి.

ఎనిమిదో_ఫ్రెట్ | ఉదయం 11.35

నిన్నటి నుంచీ చదువుతున్నాను. ఒకరు "ఆడంగి" అంటున్నారు, ఇంకొకరు దానికి జవాబుగా "మగతనం" చూపిస్తున్నారు. ఇద్దరికీ ఆడదానిలా ఉండటం తక్కువే అన్నమాట. కోఠి గారూ, కూచిపూడి పోలిక తెచ్చారు. అక్కడ మగవాళ్ళు భామ వేషం కట్టింది ఆడవాళ్ళని ఆ మేళాల్లోకి రానివ్వని కాలంలో. ఆ సంగతి వదిలేసి చెబితే సగమే చెప్పినట్టు.

నేను గిటార్ వాయిస్తాను. నాకు నేర్పింది రాట్ బ్యాండ్ "రౌండ్ అండ్ రౌండ్". 1984 పాట. సోలోలో వారెన్ డిమార్టిని ఒంటరిగా పరుగెత్తి, చివర్లో రాబిన్ క్రాస్బీ గిటార్ వచ్చి పక్కన చేరుతుంది, రెండూ కలిసి ఎక్కుతాయి. ఆ ఎక్కే చోటు కోసం మూడు నెలలు కూర్చున్నాను. వేళ్ళ చివర్లు పగిలి, ఫెవిక్విక్ రాసుకుని వాయించిన రోజులున్నాయి. డబుల్_బేస్ గారూ, ఇది అమ్మాయిల కోసం పాడిన సంగీతం కాబట్టి సంగీతం కాదన్నారు. ముందు వరసలో నిలబడి రికార్డులు కొన్న అమ్మాయిలకి చెవులు లేవా?

అలాగని వాళ్ళని నెత్తిన పెట్టుకోలేను. ఆడవాళ్ళమైన మా బట్టలు, మా రంగులు అన్నీ తీసుకుని, పాటల్లోనూ వీడియోల్లోనూ మమ్మల్ని బల్ల మీద పెట్టిన తినుబండారంలా చూపించారు. నలుగురూ ఆడవాళ్ళే అయిన విక్సెన్ 1988లో మొదటి ఆల్బమ్ వేసింది. చక్కగా వాయిస్తారు. మీ నాలుగు బ్యాండ్లలోనూ లేదు, సీను గారి పట్టుదలలోనూ లేదు, ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరికీ ఆ పేరు గుర్తు రాలేదు.

కోఠి_క్యాసెట్ | మధ్యాహ్నం 12.50

విక్సెన్‌ని మరిచిపోవడం నా తప్పే. మగతనం మాట కూడా. కోపంలో రాశాను, కానీ రాసింది నేనే.

డబుల్_బేస్ | మధ్యాహ్నం 2.15

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోఠి గారూ, మీ జుట్టు సంగతి నాకు తెలియదు. ఫ్రెట్ గారూ, అమ్మాయిల గురించి అన్నదీ తప్పే.

పొద్దున చెప్పని ముక్క ఒకటుంది. నన్ను తీసేసినప్పుడు మావాడు చెప్పిన కారణం పాటలు కాదు. "నీ ముఖం స్టేజీకి పనికిరాదురా" అన్నాడు. నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది, ముఖం నిండా మచ్చలు. ఎంటీవీలో అలాంటి ముఖం ఒక్కటైనా ఉందా అని అడిగాడు. నిజంగానే లేదు. మెటాలికా లాంటి థ్రాష్ బ్యాండ్ల ఫొటోల్లో మొటిమలు, పాత టీషర్టులు, ముఖాలకి అడ్డంగా జుట్టు. అక్కడ నా ముఖాన్ని ఎవరూ అడగలేదు. మీకు ఆ రంగు ధైర్యమిచ్చింది. నన్ను బయటికి నెట్టింది ఆ రంగే. ఇది మీరు కాదనలేరు.

కోఠి_క్యాసెట్ | మధ్యాహ్నం 3.05

కాదనను. కానీ మిక్ మార్స్‌ని చూడండి. మోట్లీ క్రూ గిటారిస్టు, బ్యాండ్‌లో అందరికన్నా పెద్దవాడు. వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు, నడుం వంగిపోయింది, పోస్టర్‌కి పనికొచ్చే ముఖం కాదు. దశాబ్దాల పాటు ఆ బ్యాండ్ శబ్దమే అతను.

డబుల్_బేస్ | మధ్యాహ్నం 3.20

అతనే 2022లో టూర్ల నుంచి తప్పుకుని, 2023లో ఆ బ్యాండ్ మీదే కోర్టుకెక్కాడు. అది కూడా రాయండి.

షెఫీల్డ్_సీను | సాయంత్రం 5.40

నిన్నటి నుంచి డెఫ్ లెపర్డ్ ఏదీ అని నేనడుగుతుంటే అందరూ విసుక్కున్నారు. డబుల్_బేస్ గారూ, మీరు డ్రమ్మర్ కాబట్టి మీకే చెబుతాను. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో వాళ్ళ డ్రమ్మర్ రిక్ ఆలెన్ ఎడమ చేయి పోయింది. "పైరోమేనియా" లక్షల్లో అమ్ముడైన బ్యాండ్, ఎవరినైనా తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు. ఎడమ చేయి కొట్టాల్సిన దెబ్బలు ఎడమ కాలితో కొట్టేలా ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ తయారు చేయించుకుని నేర్చుకునేదాకా ఆగారు. 1986 ఆగస్టులో ఇంగ్లండ్‌లో డానింగ్టన్ రాక్ ఉత్సవంలో వాయించాడు. "హిస్టీరియా" మొత్తం అతనే. మిమ్మల్ని తీసేసినవాళ్ళు ఈ సంగీతం పేరు వాడుకున్నారు, అంతే.

డబుల్_బేస్ | సాయంత్రం 6.30

రిక్ ఆలెన్ సంగతి ఒప్పుకుంటాను. పొద్దుటి నుంచి ఇంట్లో "హిస్టీరియా"నే పెట్టుకుని వింటున్నాను, ఒక కాలితో అంత నిలకడగా ఎలా కొట్టాడో అర్థం కావడం లేదు.

కానీ అది గ్లామ్ మెటల్ కాదని పైన కోఠి గారే రాశారు.