మిస్సోరి తుపాకీ చట్టం ఎక్కడ తప్పింది?

ప్రశ్న:
ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టాల అమలుకు రాష్ట్రాలు సాయం చేయక్కర్లేదని అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది కదా. మరి మిస్సోరి రాష్ట్రం 2021లో తెచ్చిన తుపాకీ చట్టాన్ని 2024లో అప్పీళ్ల కోర్టు ఎందుకు కొట్టేసింది?

జవాబు 1:
ముందు 1997 నాటి సుప్రీంకోర్టు ప్రింట్జ్ తీర్పు చూడండి. తుపాకీ కొనేవాళ్ల గురించి అయిదు పనిదినాల్లో ఆరా తీయాలని 1993 బ్రేడీ చట్టం స్థానిక షెరిఫ్‌లకు (పోలీసు అధిపతులకు) పని అంటగట్టింది. మోంటానా, అరిజోనాల నుంచి ఇద్దరు షెరిఫ్‌లు కోర్టుకెక్కారు. 5-4తో గెలిచారు. ఫెడరల్ ప్రభుత్వం తన చట్టాన్ని తన మనుషులతో అమలు చేసుకోవాలి తప్ప రాష్ట్ర ఉద్యోగులకు ఆ పని పురమాయించకూడదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. నిజానికి ఆ ఫెడరల్ చట్టం రాజ్యాంగానికి లోబడి ఉన్నా సరే, రాష్ట్రం సాయం మానుకోవచ్చు. చట్టం మంచిదా చెడ్డదా అని రాష్ట్రం తేల్చనక్కర్లేదు.

మిస్సోరి ఆ తేల్చే పనే చేసింది. కొన్ని ఫెడరల్ తుపాకీ చట్టాలు తమ రాష్ట్రంలో చెల్లవని రాసుకుంది. వాటిని అమలు చేసే స్థానిక పోలీసు శాఖలకు 50,000 డాలర్ల జరిమానా పెట్టింది. సాయం మానుకునే హక్కు ఉంది గానీ, ఫెడరల్ చట్టాన్ని రద్దు చేస్తున్నట్టు రాసి ఆ హక్కు వాడుకోవడం కుదరదంది కోర్టు.

జవాబు 2:
అందుకే బిల్లు రాసేటప్పుడు "చెల్లదు" అన్న మాట జోలికే పోకూడదు. "మా సిబ్బందినీ, మా నిధులనూ ఈ పనికి వాడం" అని రాసి ఆగాలి. ఫెడరల్ ఏజెంట్లను అడ్డుకునే వాక్యం ఒక్కటి ఉన్నా బిల్లు నిలవకపోవచ్చు. నిధుల సంగతీ చూసుకోవాలి, మాట వినని రాష్ట్రాలకు ఫెడరల్ ప్రభుత్వం కొంతమేర నిధులు కోయొచ్చు. మద్యం వయసు 21 చేయని రాష్ట్రాలకు రోడ్ల నిధుల్లో 5 శాతం కోత పెడితే 1987లో సుప్రీంకోర్టు సరేనంది. 2012లో మెడికెయిడ్ (పేదల వైద్య పథకం) నిధులన్నీ ఆపేస్తామన్న బెదిరింపును మాత్రం ఒప్పుకోలేదు.

జవాబు 3:
అక్కడ చదివే మన పిల్లలకు ఇది చాలా ముఖ్యం. కాలిఫోర్నియాలో గంజాయి దుకాణం తెరిచే ఉంటుంది, రాష్ట్ర పోలీసు పట్టుకోడు. ఫెడరల్ చట్టంలో మాత్రం అది ఇంకా నేరమే, వీసాలు చూసేది ఫెడరల్ అధికారులే. శిక్ష పడకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, ప్రవేశం నిరాకరించొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
స్పష్టంగా అర్థమైంది. మన దేశంలో రాష్ట్రాలకు ఈ వెసులుబాటు ఉందా?

జవాబు 1:
లేదండి. 256వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టాలు అమలయ్యేలా రాష్ట్రం నడుచుకోవాలి, అందుకు కేంద్రం ఆదేశాలివ్వొచ్చు. అభ్యంతరముంటే 131 కింద సుప్రీంకోర్టుకు వెళ్లాలి. పౌరసత్వ సవరణ చట్టంపై 2020లో కేరళ వెళ్లింది ఆ దారినే.