తెలుగు పత్రికకు పేజీలు పెట్టడం, లోగో చేయడం: ఏది ముందు నేర్చుకోవాలి?

వడ్డేపల్లి_పాఠకురాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. మా సాహిత్య సంస్థ మూడు నెలలకొకసారి తెచ్చే పత్రికకు వచ్చే సంచిక నుంచి నేనే పేజీలు పెట్టాలని సంస్థ పెద్దలు నిర్ణయించారు. పత్రిక ఏ4 సైజులో 32 పేజీలు ఉంటుంది. సెంటర్ పిన్ (మడిచిన కాగితాల మధ్యలో పిన్ కొట్టడం), లోపల సింగిల్ కలర్, కవరు మల్టీకలర్. ఇంతవరకు ఒక డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లతో చేయించేవారు. నాకు టైపింగు, కరెక్షన్ల పని బాగా వచ్చు గానీ డిజైన్ ఎక్కడా చదువుకోలేదు.

పెద్దలేమో ముందుగా కాకతీయ తోరణంతో ఒక లోగో చేయమంటున్నారు. యూట్యూబ్ పాఠాలేమో రంగుల చక్రంతో మొదలుపెడుతున్నాయి, పైగా వాటిలో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. లోగో, రంగులు, సాఫ్ట్‌వేర్, గ్రిడ్ (పేజీని గళ్ళుగా విభజించే గీతలు) వీటిలో దేనితో మొదలుపెడితే వచ్చే సంచిక నాటికి పత్రిక చూడదగినట్టుగా ఉంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

అచ్చు_పని

అమ్మా, లోగోను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మామూలు వచనం ఉన్న ఒక్క పేజీని హాయిగా చదువుకునేలా అమర్చడం వస్తే మీ పని సగం అయినట్టే, ఎందుకంటే పాఠకుడు లోగోను ఒక్క క్షణం చూస్తాడు గానీ వచనాన్ని గంటసేపు చదువుతాడు.

ఇంగ్లీషు పాఠాలు మనవాళ్ళను తప్పుదోవ పట్టించేది ముఖ్యంగా వరుసల ఎడం విషయంలో. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే లీడింగ్ (ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు దూరం) సాధారణంగా అక్షరం సైజులో 120 శాతం ఉంటుంది. అది ఇంగ్లీషుకు సరిపోతుంది గానీ మన లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. పై వరుసలో ‘రాష్ట్రం’ అనే మాట వచ్చి, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ పడితే, ట వత్తు దిగివచ్చి ‘కీ’ గుడిదీర్ఘాన్ని గుద్దుకుంటుంది. అందుకే 11 పాయింట్ల అక్షరానికి 16 పాయింట్ల లీడింగ్ ఇచ్చి చూడండి, ఇంకా ఇరుకనిపిస్తే 17 చేయండి. ఫాంటును బట్టి ఇది మారుతుంది కాబట్టి స్క్రీన్ మీద నిర్ణయించకండి; అసలు సైజులో లేజర్ ప్రింట్ తీసి, కళ్ళద్దాలు పెట్టుకునే పెద్దవారొకరి చేతికిచ్చి చదివించండి.

ఫాంటు ఎంచుకునేటప్పుడు అందంతోపాటు అందులో ఎన్ని మందాలు ఉన్నాయో చూడాలి. ‘మండలి’ వచనానికి చక్కగా నప్పుతుంది, ఉచితం కూడా, కానీ దానికి ఒక్కటే మందం. బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని బలవంతంగా ఉబ్బిస్తుంది, వత్తుల మధ్య ఖాళీలు పూడిపోతాయి. ‘నోటో సెరిఫ్ తెలుగు’లో సన్నం నుంచి బాగా మందం వరకు నిజంగా గీసిన రూపాలున్నాయి. శీర్షికలకు ‘రామభద్ర’ వంటి బరువైన ఫాంటు పెట్టుకోవచ్చు. మొత్తం సంచికకు రెండు ఫాంట్లు చాలు. మూడోది పెళ్ళి పత్రికలకు వదిలేయండి.

ప్రెస్సు వైపు నుంచి మరొక మాట. కవరు మీద చిన్న అక్షరాలు నల్లగా ఉండాలంటే ఆ నలుపు ఒక్క బ్లాక్ ప్లేటు మీదనే ఉండాలి. నాలుగు రంగులూ కలిసిన నలుపు వాడితే, రిజిస్ట్రేషన్ (నాలుగు రంగుల ప్లేట్లూ ఒకదానిపై ఒకటి సరిగ్గా పడటం) వెంట్రుకవాసి తప్పినా వత్తులు ముద్దకట్టి కనిపిస్తాయి. కవరు బొమ్మను కోత గీతకు అవతల 3 మిల్లీమీటర్లు పొడిగించండి, ఫొటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండేలా చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఫోనులో ఎంత బాగున్నా, నేరుగా పేజీలో పెట్టకండి. సెంటర్ పిన్‌లో మడిచిన ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి. ఆఖరి నిమిషంలో ఇంకొక్క కవిత అని ఎవరు బతిమాలినా ముప్పైమూడో పేజీ ఉండదు.

ఖాళీ_జాగా

నేను హైదరాబాద్‌లో డిజైనర్‌గా పనిచేస్తున్నాను, పుట్టింది మాత్రం వరంగల్ కాశిబుగ్గలో. పైవారు చెప్పిన దానికి గ్రిడ్, గుర్తింపు అనే రెండు విషయాలు కలుపుతాను.

ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు. లోపలి మార్జిన్ 20, బయటి మార్జిన్ 16 వదిలితే 174 మిగులుతుంది. దాన్ని 6 మిల్లీమీటర్ల ఎడంతో ఆరు నిలువు గళ్ళు చేయండి, ఒక్కొక్కటి 24 వస్తుంది. మూడేసి కలిపితే 84 మిల్లీమీటర్ల కాలమ్‌లు రెండు, రెండేసి కలిపితే 54 మిల్లీమీటర్ల కాలమ్‌లు మూడు. వ్యాసాలకు రెండు కాలమ్‌లు, వార్తలకూ పుస్తక పరిచయాలకూ మూడు కాలమ్‌లు వాడితే పేజీకి పేజీకి తేడా కనిపిస్తూనే లోపలి ఎముకల గూడు ఒక్కటిగా ఉంటుంది. మన మాటలు సంధులతో పొడుగవుతాయి కాబట్టి 54 మిల్లీమీటర్ల కాలమ్‌ను రెండు వైపులా జస్టిఫై చేస్తే మాటల మధ్య బొక్కలు పడతాయి. అక్కడ ఎడమ వైపు మాత్రమే సమం చేసి, కుడి అంచును వదిలేయడం మేలు.

ఇక తోరణం. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నిలబడ్డ ఆ కీర్తి తోరణాల మీద నాకూ మమకారమే. అయితే లోగో పని మిమ్మల్ని పక్కవారి నుంచి వేరుచేసి చూపడం. 2014లో వచ్చిన తెలంగాణ రాష్ట్ర రాజముద్రలోనే ఆ తోరణం ఉంది. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన ఆ ముద్రలో తోరణం, దాని లోపల చార్మినార్ కనిపిస్తాయి. మన ఊళ్ళో స్కూళ్ళ బోర్డుల నుంచి ఫంక్షన్ హాళ్ళ దాకా అదే తోరణం. ఇన్నిచోట్ల కనిపించే బొమ్మ మీ పత్రికను ఎలా గుర్తు చేస్తుంది? పైగా అంత నగిషీ ఉన్న రూపం వాట్సాప్ గుండ్రటి డీపీలో మసకగా మిగులుతుంది.

నా అభిప్రాయంలో పత్రికకు అసలైన లోగో దాని పేరే. పేరును శ్రద్ధగా రాయించి, ప్రతి సంచికలో అదే చోట, అదే సైజులో ఉంచండి. దానికి తోడుగా ఊరిని తలపించే అంశం కావాలంటే వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలను ఒకసారి దగ్గరగా చూడండి. వాటి అడ్డచారల్లో మందం, సన్నం ఒక లెక్క ప్రకారం మారుతుంటాయి. ఆ చారల వరుసను ఒక్క సెంటీమీటరు ఎత్తు పట్టీగా గీసి ప్రతి శీర్షిక పైన పెడితే సింగిల్ కలర్‌లోనూ నిలుస్తుంది, జిరాక్స్ తీసినా చెడిపోదు. ఏడాదికి నాలుగు సంచికలకు కవరు రంగు మారుస్తూ పట్టీని మాత్రం మార్చకుండా ఉంచండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో, యూనికోడ్‌కు (ఏ కంప్యూటర్‌లోనైనా, వెబ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతికి) మారడం తప్పనిసరి. అను ఫాంట్లలో ఉన్న వ్యాసాన్ని నేరుగా కాపీ చేసి వెబ్‌లో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఇన్‌డిజైన్ (డబ్బు కట్టి వాడే పేజీల సాఫ్ట్‌వేర్) ఉంటే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే, మన లిపులను సరిగా పేర్చే అమరికను ఎంచుకోండి, లేకపోతే వత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్ 1.6 ఉచితంగా దొరుకుతుంది, తెలుగును సరిగానే చూపుతుంది. ఏది వాడినా పారాగ్రాఫ్ స్టైల్స్ (శీర్షికకు, వచనానికి ఫాంటు, సైజు, లీడింగ్ ఒక్కసారి నిర్ణయించి అంతటా వాడుకునే ఏర్పాటు) మొదటి రోజే నేర్చుకోండి. ఐఐటీ బొంబాయివారి డిసోర్స్ సైట్‌లో టైపోగ్రఫీ పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

పద్యం_ప్రూఫు

ఇద్దరూ వచనం గురించే చెప్పారు. సాహిత్య పత్రిక కాబట్టి పద్యాల మాట నేను చెబుతాను. సీస పద్యంలో పాదం పొడుగు, రెండు కాలమ్‌ల పేజీలో ఒక్క కాలమ్ వెడల్పులో ఇమడదు, సాఫ్ట్‌వేర్ ఎక్కడబడితే అక్కడ విరిచేస్తుంది. పాదాన్ని సగం దగ్గర మీరే విరిచి, రెండో సగాన్ని కొంచెం లోపలికి జరపండి. వచన కవితలో పాదం విరుపు కవిది. కాలమ్ చాలకపోతే అక్షరం తగ్గించకుండా పేజీ వెడల్పంతా ఆ కవితకే ఇవ్వండి. 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం మీ ఊళ్ళోనే ఉంది కదా. అక్కడ పాత పత్రికలు చూడగలిగితే స్కేలు పట్టుకుని మార్జిన్లు, వరుసల ఎడం కొలిచి, ఒక పేజీని ఉన్నదున్నట్టుగా మళ్ళీ కట్టండి.

వడ్డేపల్లి_పాఠకురాలు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆరు గళ్ళ గ్రిడ్ గీసి ఒక వ్యాసం పెట్టి చూశాను, 16 పాయింట్ల లీడింగ్‌తోనే చాలా తేడా తెలుస్తోంది. ఒక్క సందేహం: తోరణం వద్దంటే పెద్దలు నొచ్చుకుంటారు. వారికి ఎలా చెప్పమంటారు?

ఖాళీ_జాగా

వద్దని చెప్పకండి. తోరణం ఉన్న కవరు ఒకటి, చారల పట్టీ ఉన్న కవరు ఒకటి ప్రింట్ తీసి, ఊళ్ళో దొరికే మరో నాలుగు పత్రికలతో కలిపి బల్ల మీద పరచండి. మన పత్రిక ఏదో దూరం నుంచి చూపమని వారినే అడగండి. అప్పటికీ తోరణమే కావాలంటే వెనక అట్ట మీద, సంస్థ చిరునామా పక్కన పెట్టండి, అక్కడ దానికి గౌరవమైన చోటే.