కుటుంబ విహారయాత్రను యుద్ధ ట్యాంకుల ప్రదర్శన చుట్టూ అల్లుకోవడం సబబేనా?

లోహచక్రం:

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మేము ఇంగ్లండులో ఉంటున్నాం. మాకు తొమ్మిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ కూడా సెప్టెంబరు దాకా మాతోనే ఉంటుంది. ఆగస్టు చివర బెల్జియంలోని మోన్స్‌లో ‘ట్యాంక్స్ ఇన్ టౌన్’ పేరిట పాత సైనిక వాహనాల ప్రదర్శన జరుగుతుంది. 1944 సెప్టెంబరు 2న అమెరికా 3వ ఆర్మర్డ్ డివిజన్ ఆ పట్టణాన్ని జర్మన్ల చెర నుంచి విడిపించిన సందర్భాన్ని తలచుకుంటూ, అమెరికన్ షెర్మన్ ట్యాంకులు, హాఫ్‌ట్రాకులు (ముందు చక్రాలు, వెనక గొలుసు పట్టాలు ఉండే వాహనాలు), జీపులు ఊరి అంచున ఉన్న అడవిలో విడిది చేసి, ఆదివారంనాడు పట్టణం నడిబొడ్డు దాకా ఊరేగింపుగా వస్తాయి. అది చూసుకుని, కారులో ఫ్రాన్సులోని సోమూర్ వెళ్లి, అక్కడి సాయుధ వాహనాల మ్యూజియం చూసి, లువార్ నది వెంట ఉన్న కోటలు పిల్లలకు చూపించి తిరిగి రావాలని నా ఆలోచన.

కుటుంబం అంతా కలిసి చేసే యాత్రను ఇలాంటి ప్రదర్శనల చుట్టూ అల్లుకోవడం సబబేనా అన్నది నా ప్రశ్న. సబబే అని నేను నమ్ముతున్నాను. 1940 జూన్‌లో సోమూర్ అశ్వదళ పాఠశాల విద్యార్థులు తమకంటే ఎన్నో రెట్లు పెద్దదైన జర్మన్ సేనను లువార్ వంతెనల దగ్గర నిలువరించడానికి ప్రాణాలొడ్డారు. ఆ నది ఒడ్డునే నిలబడి ఆ సంగతి వింటే పిల్లవాడి మనసులో నాటుకుపోతుంది. అనుభవమున్నవారు చెప్పగలరు.

తుంగభద్ర:

ఇంగ్లండులో ఉంటూ బెల్జియం దాకా ఎందుకండీ? డోర్సెట్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం వారి ‘ట్యాంక్‌ఫెస్ట్’ ప్రపంచంలోనే పేరున్న ప్రదర్శన. దానికి వీసా కూడా అక్కర్లేదు.

లోహచక్రం:

తుంగభద్ర గారూ, ట్యాంక్‌ఫెస్ట్ జూన్ చివర్లో వస్తుంది. అప్పటికి ఇక్కడ బడులకు సెలవులివ్వరు. అనుమతి లేకుండా పిల్లలను బడి మానిపిస్తే ఒక్కో బిడ్డకు, ఒక్కో తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్ల చొప్పున జరిమానా విధించవచ్చు. ఆగస్టు చివర జరిగే మోన్స్ ప్రదర్శనతో ఆ చిక్కు లేదు.

మంజీర:

అయిదేళ్ల పాప చెవుల సంగతి ఆలోచించారా? ట్యాంకు ఇంజను దగ్గరగా వెళితే ఆ మోత పెద్దవాళ్లమే తట్టుకోలేం. చెవులను పూర్తిగా కప్పే రక్షణ కవచాలు పిల్లల కొలతలో దొరుకుతాయి. వాటిని ప్రయాణానికి ముందే కొని, ఇంట్లో కొన్నాళ్లు పెట్టుకోవడం అలవాటు చేయించండి. అక్కడికెళ్లాక మొదటిసారి పెడితే పిల్లలు పీకి పారేస్తారు.

పడవరేవు:

లోహచక్రం గారూ, మీరు అనుభవమున్నవారిని అడిగారు గనుక నా అనుభవం చెబుతాను. మా వారికి మీలాగే ట్యాంకులంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో అది నాకు ముచ్చటగానే ఉండేది. మా రెండోవాడు పుట్టిన మరుసటి వేసవిలో ఇలాంటి ప్రదర్శన చుట్టూనే మా సెలవులన్నీ అల్లుకున్నారు. మైదానంలో మా వారు, పెద్దవాడు తాడు కట్టిన హద్దు దగ్గర ముందు వరసలో నిలబడితే, నేను చంటివాణ్ణి తోపుడు బండిలో పెట్టుకుని, గడ్డి మీద ఆ బండి చక్రాలు కదలక, పాలసీసా కడగడానికి నీళ్లెక్కడున్నాయా అని తిరిగాను. నా చేతిలో ఉన్న తినుబండారాల సంచీలోకి డీజిల్ పొగ వాసన దూరింది. ఊరేగింపు మొదలయ్యేసరికి చంటివాడు అప్పుడే నిద్రపోయాడు. మొదటి ట్యాంకు కదలగానే ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. వాణ్ణెత్తుకుని వాహనాలు నిలిపే చోటికి వెళ్లి, ప్రదర్శన అయ్యేదాకా కారులోనే కూర్చున్నాను. ఫోటోల్లో మాత్రం అందరం నవ్వుతూనే ఉన్నాం.

నేను ట్యాంకులకు వ్యతిరేకిని కాను. మీ ప్రణాళికలో మీ అమ్మగారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారన్నది మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆవిడకు కూర్చునే చోటుందా? ఆవిడ తినగలిగే తిండి దొరుకుతుందా? పాప అలసిపోతే ఎవరెత్తుకుంటారు? ముందు వీటికి జవాబు చెప్పండి.

లోహచక్రం:

పడవరేవు గారూ, మీరు పడ్డ ఇబ్బంది చదివి బాధ కలిగింది. కానీ ఏర్పాట్లలో లోపం వల్ల ఎదురైన కష్టానికి ప్రదర్శననే తప్పుపట్టడం న్యాయం కాదు. పులిహోర, చపాతీలు మేమే కట్టుకుని వెళతాం. మడత కుర్చీలు కారులో ఉంటాయి. ఈ యాత్రలో పిల్లలకు అబ్బే జ్ఞానం సంగతి మీరు గమనించడం లేదు. ష్నైడర్ అనేది ఫ్రెంచి సేన యుద్ధంలోకి దింపిన మొట్టమొదటి ట్యాంకు. ఆ రకంలో మిగిలిన ఒకే ఒక్కటి సోమూర్‌లో ఉంది. పెట్టెకు చక్రాలు తగిలించినట్టుండే ఆ యంత్రం దగ్గర నిలబడ్డాక, నాలుగడుగులు వేసి తర్వాతి కాలపు ట్యాంకు చూస్తే, ఇంజనీరింగ్ ఇరవై ఏళ్లలో ఎంత ముందుకు పోయిందో మాస్టారు చెప్పక్కర్లేదు. మా వాడు ఇప్పటికే సస్పెన్షన్ రకాలు, అంటే ట్యాంకు కుదుపులను అణచే ఏర్పాట్లు, గుర్తుపడతాడు.

పడవరేవు:

నేను మీ అమ్మగారి గురించి అడిగాను. మీరు సస్పెన్షన్ గురించి చెప్పారు.

పాత సవారు:

ఈ చర్చలో నాకూ ఒక మాట ఉంది. నేను సైన్యంలో ఆర్మర్డ్ దళంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మే నెల రాజస్థాన్ ఇసుకలో మూతలు బిగించిన విజయంత ట్యాంకు లోపల నలుగురం కూర్చునేవాళ్లం. చెయ్యి తగిలితే ఇనుము చురుక్కుమనేది. గుండు పేల్చగానే వచ్చే పొగకు కళ్లు మండేవి, నోట్లో చేదు తేలేది. నా ఎడమ చెవి వినికిడి ఆ రోజుల్లోనే పోయింది. మంజీర గారు చెవుల గురించి చెప్పినదానిని ఎవరూ తేలికగా తీసుకోవద్దు.

నా అభ్యంతరం ఇంకోటి ఉంది. 1971 పాకిస్తాన్ యుద్ధంలో, డిసెంబరు 16న బసంతర్ దగ్గర పూనా హార్స్ అనే ట్యాంకు దళానికి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్పాల్ మంటలంటుకున్న ట్యాంకును వదిలి రానని చెప్పి, అందులోనే ప్రాణం విడిచాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు. అలాంటి యంత్రాన్ని ఐస్‌క్రీము తింటూ చూసే వస్తువుగా పిల్లలకు పరిచయం చేయడం నాకు మింగుడు పడదు. ఈ ప్రదర్శనల్లో కొందరు పాత జర్మన్ యూనిఫారాలు కూడా వేసుకుని తిరుగుతారు. దాన్ని తొమ్మిదేళ్లవాడికి ఎలా వివరిస్తారు?

లోహచక్రం:

సవారు గారూ, మీ సేవకు నమస్కరిస్తూనే మీతో విభేదిస్తున్నాను. బోవింగ్టన్‌లోని టైగర్ 131 అనే జర్మన్ ట్యాంకు 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనకు చిక్కింది. అదే ట్యునీషియాలో, అదే నెలలో మన 4వ భారత డివిజన్ ‘వాడి అకారిత్’ అనే చోట కొండల మీద పోరాడింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడుంది? ఆ టైగర్ ఎదుట నిలబడినప్పుడే మా వాడు భారతీయులు ఆఫ్రికాలో ఎందుకున్నారని నన్నడిగాడు. ఇనుమును కళ్లారా చూడకుండా ఆ ప్రశ్న వాడికి పుట్టేది కాదు.

పాత సవారు:

పిల్లవాడు మంచి ప్రశ్న అడిగాడు. దానికి జవాబు ట్యాంకుల మైదానంలో దొరకదు. మోన్స్ పక్కనే సెయింట్ సింఫోరియన్ శ్మశానం ఉంది. అక్కడ జర్మన్ సైనికులు, బ్రిటిష్ సైనికులు ఒకే తోటలో ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో, 1914 ఆగస్టులో చనిపోయిన బ్రిటిష్ సైనికుడు జాన్ పార్, ఆ యుద్ధం ముగిసిన రోజున, 1918 నవంబరు 11న, చనిపోయిన మరో బ్రిటిష్ సైనికుడు జార్జ్ ఎల్లిసన్ సమాధులు కొన్ని అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉంటాయి. మీరు ఫ్రాన్సులోని ‘కాలే’ రేవులో దిగి మోన్స్‌కు వెళ్లే దారికి కాస్త పక్కగా, ఫ్రాన్సులోనే నవ్ షాపెల్ స్మారకం ఉంది. సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు దాని గోడ మీద చెక్కి ఉన్నాయి. మీ ప్రణాళికలో ఆ రెండూ లేవు. మ్యూజియం ఉంది, కోటలు ఉన్నాయి.

నీలగిరి:

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. అమ్మగారు ఇంగ్లండుకు సందర్శక వీసా మీద వచ్చి ఉంటే, బెల్జియం, ఫ్రాన్సు లాంటి యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు సాధారణంగా తాము నివసించే దేశంలోనే, అంటే ఇండియాలోనే, దరఖాస్తు చేసుకోవాలి. ఇక్కడి నుంచి తీసుకోవడం కుదరకపోవచ్చు. ముందు అది చూసుకోండి.

లోహచక్రం:

నీలగిరి గారికి ధన్యవాదాలు. ఆ సంగతి తెలిసే, అమ్మ బయలుదేరక ముందే మార్చిలో హైదరాబాదులో వీసా తీయించాను. రుసుము పెద్దలకు 90 యూరోలు. పిల్లలకు ఆరు నుంచి పదకొండేళ్ల దాకా 45, ఆరేళ్ల లోపు వారికి ఏమీ లేదు. హోటళ్లు కూడా అప్పుడే ఖాయం చేశాను. ప్రదర్శన రోజుల్లో మోన్స్‌లో గదులు దొరకడం కష్టం.

పడవరేవు:

మార్చిలోనే వీసా తీశారు, గదులు తీసుకున్నారు. మరి ఇప్పుడు సబబేనా అని మమ్మల్నెందుకు అడుగుతున్నారు? ఇంత పొడుగున రాసినవాటిలో మీ ఇంటావిడ ఏమన్నారన్న మాట ఒక్కటీ లేదు. ఆవిడ ఒప్పుకోలేదు గనుకే మీరిక్కడికి వచ్చారని నాకు అనిపిస్తోంది. పదిమంది అపరిచితులు సబబే అంటే, ఆ మాటలు తీసుకెళ్లి ఆవిడకు చూపించాలనుకుంటున్నారు.

లోహచక్రం:

మీరు హద్దు దాటుతున్నారు. అయినా చెబుతాను. ఈ ఆగస్టులో మా మరదలి గృహప్రవేశం గుంటూరులో ఉంది. సెలవులన్నీ పెట్టి దానికి వెళ్లాలని మా ఆవిడ కోరిక. నేను ఈ దేశం వచ్చిన నాటి నుంచి నా సెలవుల్లో ఒక్కటి కూడా నాకోసం వాడుకోలేదు. పెళ్లిళ్లు, బారసాలలు, గృహప్రవేశాలు, సంవత్సరీకాలు అన్నిటికీ వెళ్లాను. ఇండియాకు వెళ్లిన ప్రతిసారీ ఒకరి ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి సామాను మోసుకుంటూ తిరిగి, ఎవరింటికి భోజనానికి వెళ్లలేదని ఎవరు అలిగారో లెక్కపెట్టుకుంటూ తిరిగొచ్చాను. మా వాడికి నేను ఏ పనిలో ఉండగా గుర్తుంటానో అని ఒక్కోసారి భయం వేస్తుంది. వాడు, నేను ఇద్దరం ఇష్టపడేది ఇదొక్కటే. ఒక్క వేసవి, ఒక్కసారి, వాడి పక్కన నిలబడి ఒక షెర్మన్ పట్టణంలోకి రావడం చూడాలనుకోవడం నేరమా?

తుంగభద్ర:

లోహచక్రం గారూ, ఇది మొదటే రాసి ఉంటే మేము ట్యాంక్‌ఫెస్ట్ గురించి మాట్లాడేవాళ్లమే కాదు.

మంజీర:

గొడవ ఎటు వెళ్లినా పాప చెవుల సంగతి మరిచిపోవద్దు.

పడవరేవు:

నేరమని నేననలేదు. మీ బాధ నిజమే. ఆ గృహప్రవేశాల్లో వంటింట్లో నిలబడేదెవరో కూడా నాకు తెలుసు గనుక, మీ ఇంటావిడ అక్కడికి సరదా కోసమే వెళ్లాలనుకుంటున్నారని మీరు అనుకుంటే పొరపాటు. ఆవిడకు అది చెల్లెలి ఇల్లు. మీకు కొడుకు పక్కన ఒక వేసవి ఎంత అవసరమో, ఆవిడకు చెల్లెలి పక్కన ఆ ఒక్కరోజు అంతే అవసరం. మీరు మొదటి నుంచీ దీనికి జ్ఞానం, చరిత్ర, ఇంజనీరింగ్ అని పేర్లు పెడుతూ వచ్చారు. పిల్లల చదువని పేరు పెడితే ఆవిడ కాదనలేరు, అదే నాకు కష్టంగా ఉంది. ఇది నా కోరిక, నాకిది కావాలి అని చెబితే ఆవిడ కూడా తన కోరిక చెప్పగలుగుతారు. మా వారు నాతో ఒక్కసారి అలా అని ఉంటే, తోపుడు బండితో ఆ గడ్డిలో తిరగడానికి కూడా నేను సిద్ధపడేదాన్నేమో.

పాత సవారు:

నేను ఇందాక కొంచెం కటువుగా రాశాను, కానీ నా అభిప్రాయం మారలేదు. అయితే కొడుకు పక్కన నిలబడాలన్న కోరికను నేను కాదనలేను. మా వాడు చిన్నప్పుడు నేను సరిహద్దులో ఉన్నాను. ఒక ఆలోచన చెబుతాను. బోవింగ్టన్‌లోనే వసంతంలో, శరత్కాలంలో ‘టైగర్ డే’ అని జరుగుతుంది. అదొక్క రోజు ముచ్చట. లండన్ వాటర్లూ నుంచి వూల్ స్టేషన్‌కు నేరుగా రైలుంది. అక్కడి నుంచి మ్యూజియం దగ్గరే. తండ్రీ కొడుకులిద్దరే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

లోహచక్రం:

సవారు గారూ, టైగర్ డేకు వెళ్లినా మోన్స్‌కు వెళ్లినట్టు కాదు. మైదానంలో గుండ్రంగా తిరిగే ట్యాంకును చూడటం వేరు. పట్టణంలోని రాళ్లు పరిచిన వీధిలోకి, ఒకనాడు నిజంగా వచ్చిన దారిలోనే అది రావడం, దారి పక్కన వృద్ధులు నిలబడి చేతులూపడం వేరు. ఆ తేడాను మా వాడికి చూపించాలనే నా తపన. గదులు రద్దు చేసుకునే గడువు ఇంకా ఉంది. గృహప్రవేశానికి మా ఆవిడ, పాప వెళ్లి, అమ్మ, బాబు, నేను మోన్స్ వెళ్లే వీలుందేమో ఈ రాత్రి ఆవిడతోనే కూర్చుని మాట్లాడతాను. నవ్ షాపెల్‌ను దారిలో చేర్చాను.

పడవరేవు:

అమ్మగారిని కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి. తెనాలి నుంచి అంత దూరం వచ్చిన ఆవిడకు షెర్మన్ కావాలో, గుంటూరు కావాలో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.