పాత స్టాన్లీ చిత్రిక కొనాలా, కొత్తదా?

కావలి కుర్రాడు: ఇంటికి కావలసిన బల్లలు సొంతంగా చేసుకుంటున్నాను. మా వీధి మేస్త్రి పని మానేస్తూ తన పాత స్టాన్లీ 5 నంబరు, అంటే 14 అంగుళాల చిత్రిక అమ్ముతానంటున్నాడు. అంత డబ్బుకే ఆన్‌లైన్‌లో కొత్త దేశీ చిత్రిక వస్తోంది. ఏది తీసుకోమంటారు?

ఒంగోలు పెద్దాయన: ఇందులో ఆలోచించేదేముంది అబ్బాయ్, పాతదే. ఆ కాలపు ఇనుమే వేరు.

సింగరాయకొండ: ఎప్పుడూ ఇదే మాటేంది పెద్దాయనా! అది మామూలు పోత ఇనుము. గచ్చు మీద పడిందంటే పగలొచ్చు. అమెరికాలో చిత్రికలు చేసే లై-నీల్సన్ కంపెనీ వాళ్ళు డక్టైల్ ఐరన్‌తో, అంటే పెళుసు తక్కువుండే పోత ఇనుముతో పోస్తున్నారు, అంత తేలిగ్గా పగలదు. పాత బ్లేడు మందం 2 మిల్లీమీటర్లు, వాళ్ళది 3 పైనే. వేపచెక్కలో ముడి తగిలితే పలచ బ్లేడు అదిరి పేళ్ళు లేపుతుంది.

ఒంగోలు పెద్దాయన: అమెరికా సరుకు తెప్పించుకునే డబ్బుంటే ఆ పిల్లోడు ఇక్కడెందుకు అడుగుతాడయ్యా?

ఉదయగిరి: అడిగింది దేశీ కొత్తదాని గురించి కదా. అలాంటిదొకటి నేను కొన్నాను. సాన పట్టి తోస్తే పొట్టు తెగితెగి వచ్చింది. అద్దం మీద ఎమెరీ పేపరు పరిచి, అడుగంతా మార్కర్‌తో గీతలు గీసి రుద్దాను. ముందూ వెనకా గీతలు చెరిగిపోయాయి, బ్లేడు బయటికొచ్చే నోటి దగ్గర మాత్రం చెక్కుచెదరలేదు. అంటే అక్కడ పల్లం. రుద్దేటప్పుడు బ్లేడు లోపలికి లాక్కోవాలి గానీ విప్పకూడదు, బిగింపు పోతే అడుగు ఆకారం కాస్త మారుతుంది. ఆదివారాలన్నీ దానికే పోయాయి.

అలాగని పాతది కళ్ళు మూసుకుని కొనొద్దు. బాగా వాడినదైతే నోటి ముందు అరిగి ఉండొచ్చు. నోటి మూలలు, పక్కగోడలు పగిలాయేమో చూడు. మీ ఉప్పుగాలికి పైపై తుప్పు మామూలే, కిరసనాయిలుతో పోతుంది. బ్లేడు వెనకవైపు అంచు దగ్గర గుంటలు పడితే మాత్రం బ్లేడు మార్చాల్సిందే.

సింగరాయకొండా, పాతదానికి మందం బ్లేడు వేస్తే నోరు ఇరుకై పొట్టు ఇరుక్కుంటుంది. పేళ్ళు లేస్తుంటే ముందు క్యాప్ ఐరన్‌ని, అంటే బ్లేడు మీద బిగించే రెండో రేకుని, బ్లేడు అంచుకి వెంట్రుకవాసి దూరానికి జరిపి చూడు.

సింగరాయకొండ: క్యాప్ ఐరన్ సంగతి ఒప్పుకుంటా. పోత ఇనుము సంగతి ఒప్పుకోను.

కావలి కుర్రాడు: సరే, అడుగు సమంగా ఉందో లేదో చూడ్డానికి స్కేలు తీసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్తా.

ఒంగోలు పెద్దాయన: ఆయన ముందు స్కేలు తీయబాక, నొచ్చుకుంటాడు. ఒక టేకు ముక్క ఇచ్చి తోసి చూపించమను.