కుల్ఫీ గట్టిపడలేదు, ఐసులో ఉప్పు ఎంత వేయాలి?

సందేహం: ఆదివారం పిల్లల కోసం ఇంట్లోనే కుల్ఫీ చేద్దామని లీటరు పాలు సగమయ్యేదాకా మరగబెట్టి, చక్కెర, యాలకుల పొడి వేసి, చల్లారాక స్టీలు డబ్బాలో పోశాను. బకెట్లో రెండు కిలోల ఐసు గడ్డల మధ్య డబ్బా దింపి, గుప్పెడు ఉప్పు చల్లి, ఐసు మునిగేలా నీళ్ళు పోశాను. రెండు గంటలైనా పాలు చల్లబడ్డాయే తప్ప గట్టిపడలేదు. పైగా ఉప్పు పడ్డచోట ఐసు ఇంకా తొందరగా కరిగిపోయింది. కరిగించేదాన్ని వేస్తే చల్లదనం ఎలా పెరుగుతుందండీ? ఉప్పు మానేయనా?

జవాబు: మానకండి, ఇంకా పెంచండి. ఆ కరగడమే మనకు కావాలి. ఒక గ్రాము ఐసు కరగడానికి దాదాపు 80 కేలరీల వేడి పడుతుంది. ఆ వేడిని పక్కనున్న నీళ్ళనుంచి, మిగతా ఐసునుంచి, మీ డబ్బాలోని పాలనుంచి లాక్కుంటుంది. వట్టి ఐసు, నీళ్ళు కలిసి ఉంటే ఒకపక్క కరుగుతూ, ఒకపక్క మళ్ళీ గడ్డకడుతూ సున్నా డిగ్రీల దగ్గరే నిలబడిపోతాయి. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టలేదు. అందుకని కరగడమే సాగుతుంది, చలి దిగుతూనే ఉంటుంది. నూరు గ్రాముల ఉప్పునీటిలో 10 గ్రాముల ఉప్పుంటే మైనస్ ఆరున్నర దాకా, 23 గ్రాములుంటే మైనస్ 21 దాకా దిగుతుంది. అంతకుమించి వేసినా దిగదు, ఉప్పు దండగ.

పాలలో మీరు వేసిన చక్కెర కూడా ఇదే పని చేస్తుంది! అందుకే తీపి పాలు సున్నా దగ్గర గట్టిపడవు, ఇంకా కిందికి దిగాలి. మీ గుప్పెడు ఉప్పేమో పోసిన నీళ్ళలో పలచబడిపోయింది.

ఈసారి నీళ్ళు పోయకండి. ఐసును గోనెసంచిలో వేసి సుత్తితో చితక్కొట్టండి. మూడు కిలోల ఐసుకు కిలో కల్లుప్పు లెక్కన, ఒక పొర ఐసు, ఒక పొర ఉప్పు వేస్తూ డబ్బా చుట్టూ కూరండి. మూత అంచుకు మైదా ముద్ద అద్దితే ఉప్పునీరు లోపలికి పోదు.

సందేహం: నాదీ ఇదే సమస్య అక్కా. థర్మామీటర్ లేదు, సరిపడా చల్లబడిందని ఎలా తెలుస్తుంది? కరిగిన నీళ్ళు పారబోయాలా?

జవాబు: ముందు స్టీలు గ్లాసులో కొంచెం చితక్కొట్టిన ఐసు, ఉప్పు వేసి కలిపి చూడు తమ్ముడూ. గ్లాసు బయట మొదట చెమటలా తడి పడుతుంది. కాసేపటికి అదే తెల్లటి నూగులా బిగుస్తుంది, గోరుతో గీకితే పొడిలా రాలుతుంది. అలా రాలితే సున్నా దాటి కిందికి దిగినట్టే. తడి తడిగానే ఉండిపోతే ఉప్పు చాలలేదన్నమాట.

నీళ్ళు పారబోయకు. ఐసు ముక్కల మధ్య సందులుంటాయి, ఆ ఉప్పునీరైతే డబ్బాను అన్నివైపులా అంటుకుంటుంది. మూత అంచుదాకా వస్తే మాత్రం కొంచెం తీసెయ్. ఐసు మళ్ళీ వేస్తే ఉప్పూ వెయ్యి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: పిల్లల్ని అందులో చేతులు పెట్టనివ్వద్దు. మైనస్ 15, 20 దగ్గర చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది.

మొదట సందేహం అడిగినవారు: ఇవాళ మీరు చెప్పినట్టే చేశానండీ. ముప్పావుగంటకే అంచులు పట్టాయి, గరిటెతో గీకి కలిపి మళ్ళీ పెట్టాను, చక్కగా కుదిరింది. మిగిలిన ఉప్పునీళ్ళు మొక్కలకు పోయొచ్చా?

జవాబు: వద్దండీ, మొక్కలు చచ్చిపోతాయి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పోసి మేడమీద ఎండలో పెట్టండి. నీరు ఆవిరై ఉప్పు అడుగున మిగులుతుంది, మళ్ళీసారి కుల్ఫీకి అదే వాడుకోవచ్చు.